ఓర్పు మందు కాదు

(రైల్వే, తపాలా ఉద్యోగినుల సదస్సులో ఫెడరేషన్ కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సు కార్యక్రమ పత్రంలో జీతభత్యాలు, పింఛను, ఖాళీల భర్తీ అనే అంశాల తరువాత చిట్టచివర 'ఉద్యోగినుల ఆరోగ్యం' అని ఒక పంక్తి ఉన్నది. ఆ ఒక్క పంక్తి వెనుక ఏమున్నదో చెప్పడానికే మేము మీ ముందు నిలిచాము. ముట్లుడిగిన తరువాత స్త్రీకి యోని వద్ద కలిగే మంట, దురద, పొడితనం, అక్కడి చర్మం పలుచబడుట, మాటిమాటికీ వచ్చే మూత్రపు బాధ - వీటిని గురించి నేడు మాట్లాడదలచాము.

ఈ మాట వినగానే వెనుక వరుసలోని సోదరులు కొందరు టీ కోసం లేవబోవడం మేము చూస్తున్నాము. దయచేసి కూర్చొనండి. మీ ఇంట తల్లి ఉన్నది, భార్య ఉన్నది, అక్క ఉన్నది. మీ పక్క బల్ల వద్ద పనిచేసే సహోద్యోగిని ఉన్నది. ఇది వారి బాధ. కనుక ఇది మీరు వినదగిన మాటే.

ఆసుపత్రిలో మాట్లాడుకోవలసిన ఈ విషయం యూనియన్ వేదిక మీద ఎందుకని కొందరు అడుగవచ్చును. లెక్క చూడండి. మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ళ వయస్సులో ముట్లు ఆగిపోతున్నవి. మన ఉద్యోగ విరమణ వయస్సు 60. గ్రామీణ డాక్ సేవకులకు 65. అనగా మన ఉద్యోగిని తన సర్వీసులో పదమూడు, పదునాలుగు సంవత్సరాలు, బ్రాంచి పోస్టాఫీసు నడిపే సోదరి అంతకంటె ఎక్కువ కాలం, ఈ దశలోనే పనిచేస్తున్నది. భర్త మరణానంతరం కారుణ్య నియామకం క్రింద ముప్పై అయిదవ ఏట, నలభైయవ ఏట ఉద్యోగంలో చేరిన సోదరీమణులకు సర్వీసులో సగానికి పైగా ఈ దశలోనే గడుస్తున్నది. సర్వీసులో ఇంత భాగాన్ని ఆక్రమించిన బాధ యూనియన్ విషయం కాకపోతే, మరి ఏది యూనియన్ విషయం?

ఒక గేటు వద్ద మూడు సంవత్సరాలు

మేము ఎరిగిన ఒక సోదరి లెవెల్ క్రాసింగ్ గేటు వద్ద పనిచేస్తున్నది. పేరు, ఊరు చెప్పము. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాము. భర్త పోయిన తరువాత ఆ ఉద్యోగమే ఆమె కుటుంబానికి ఆధారమైనది. నలభై ఎనిమిదవ ఏట ఆమెకు ముట్లు ఆగిపోయినవి. మరి రెండేళ్ళకు మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ మంట ప్రారంభమైనది. తరువాత రాత్రింబవళ్ళు దురద. కూర్చుంటే బాధ, నడిస్తే ఒరిపిడి.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తరువాత మాతో అన్నది: "భర్త లేనిదానికి ఆ చోట జబ్బు ఏమిటని నలుగురూ నవ్వుతారని భయపడ్డాను."

ఈ ఒక్క వాక్యం మీరు మనస్సులో ఉంచుకొనవలెనని కోరుతున్నాము. ఆమెను మూడేళ్ళు బాధించినది జబ్బు ఒక్కటే కాదు. ఆ జబ్బుకు తప్పుడు నడతే కారణమై ఉండాలన్న లోకుల ఊహ అంతకంటె ఎక్కువ బాధించినది.

మందుల షాపులో 'దురద' అని మాత్రం చెప్పి ఒక గొట్టం మందు కొన్నది. నాలుగు రోజులు హాయిగా ఉన్నది. మరల మొదలైనది. మరొక గొట్టం కొన్నది. ఫంగస్‌కు వాడే మాత్రలు నెలకొకసారి మ్రింగినది. శుభ్రత చాలలేదేమోనని సబ్బుతో రోజుకు మూడుసార్లు కడిగినది. క్రిమిసంహారక ద్రావణం నీటిలో కలిపి వాడినది. మంట రెట్టింపైనది. ఆ గేటు గది వద్ద మరుగుదొడ్డి లేదు. కనుక డ్యూటీకి వచ్చే ముందు నీరు త్రాగడం మానివేసినది. పన్నెండు గంటలకు చెంబెడు నీళ్ళు. దానితో మూత్రాశయానికి సూక్ష్మజీవులు సోకి జ్వరం వచ్చేది. సిక్‌లో ఉండడం, ఫిట్ అయి రావడం, మరల సిక్. అలా మూడు సంవత్సరాలు.

చివరకు గేటు మార్చవలెనని దరఖాస్తు పెట్టినది. ఆ దరఖాస్తు మా ద్వారానే వెళ్ళవలసి ఉన్నది. మేము ఏమి చేశాము? పదిమంది ఉన్న ఆఫీసు గదిలో, "కారణం ఏమిటమ్మా?" అని అడిగాము. ఆమె తల వంచుకొన్నది. "ఆరోగ్యం బాగులేదని వ్రాసి ఇవ్వు" అని పంపివేశాము. కారణం లేని దరఖాస్తు కనుక అది అడుగున పడినది.

మరి ఎనిమిది నెలలకు మా మహిళా సభ్యురాలు ఒకరు ఆ గేటు మీదుగా వెళ్తూ ఆగి, ఒంటరిగా కూర్చొని, విషయం రాబట్టి, ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. లేడీ డాక్టరు పరీక్షించి, ఇది అంటురోగం కాదనీ, ముట్లుడిగిన తరువాత ఎందరికో వచ్చేదేననీ చెప్పి, ఒక క్రీము వ్రాసి ఇచ్చారు. మూడు వారాలలో మంట తగ్గుముఖం పట్టినది. రెండు నెలలకు ఆమె తేరుకొన్నది.

తరువాత బ్రాంచి సమావేశంలో ఆ సోదరి మమ్ము ఒక ప్రశ్న అడిగినది: "నేను సిగ్గుపడి నోరు మూసుకున్నాను, సరే. మీరు ఎందుకు అడగలేదు?" మా వద్ద జవాబు లేదు. నేటి ఈ ప్రసంగమే ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

శరీరంలో జరిగేది ఏమిటి?

స్త్రీ అండాశయాలలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారగును. యోని లోపలి పొరను మందంగా, తేమగా, సాగే గుణంతో ఉంచేది ఈ హార్మోనే. ఆ పొరలోని కణాలలో గ్లైకోజెన్ అనే పదార్థం నిలువ ఉంటుంది. దాని ఆధారంగా లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగి ఆమ్లాన్ని తయారుచేస్తవి. ఆ ఆమ్లమే చెడు సూక్ష్మజీవులను దగ్గరకు రానీయని కాపలాదారు.

ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోతుంది. పొర పలుచబడుతుంది. తేమ తగ్గుతుంది. ఆమ్లగుణం తగ్గుతుంది, కాపలా సడలుతుంది. పలుచబడిన పొర చిన్న ఒరిపిడికే చిట్లి మండుతుంది. మూత్రనాళం, మూత్రాశయం కూడా ఈ హార్మోను మీద ఆధారపడినవే కనుక, మూత్రం ఆపుకొనలేకపోవుట, తరచుగా పోవలసి వచ్చుట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చుట దీనిలో భాగమే. దాంపత్యంలో నొప్పి, అటు తరువాత కొద్దిపాటి రక్తపు చార కనిపించుట కూడా ఇందువల్లనే కావచ్చును.

పూర్వం వైద్యులు దీనిని యోని క్షీణత అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. మూత్ర సంబంధమైన బాధలు కూడా ఇందులో భాగమేనని స్పష్టం కావడానికి, 2014లో రెండు అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి, ముట్లుడిగిన దశలో జననేంద్రియ, మూత్ర మార్గాలకు వచ్చే లక్షణ సముదాయం అనే అర్థంలో కొత్త పేరు పెట్టినవి. ముట్లుడిగిన స్త్రీలలో దాదాపు సగం మందికి ఏదో ఒక మేరకు ఈ బాధ ఉంటుందని వైద్యుల అంచనా. వారిలో చికిత్స పొందేవారు మాత్రం కొద్దిమందే.

రెండు విషయాలు గట్టిగా చెప్పదలచాము. మొదటిది: ఇది అంటురోగం కాదు. భర్త వల్ల వచ్చినది కాదు, భర్తకు అంటేది కాదు. శుభ్రత లేక వచ్చినది కాదు. భర్త ఉన్నా, లేకపోయినా, పెండ్లి కాకపోయినా రావచ్చును. 'వేడి చేసినది' అని బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు త్రాగితే దాహం తీరుతుందేగాని, పలుచబడిన పొర మందం కాదు. రెండవది: ఒంటిలో ఆవిర్లు, చెమటలు చాలామందికి కొన్నేళ్ళలో తగ్గుతవి. ఇది అలా కాదు. చికిత్స లేకపోతే సాధారణంగా తగ్గదు, ఏళ్ళు గడిచినకొద్దీ పెరుగవచ్చును. కనుక 'కొన్నాళ్ళు ఓర్చుకో, అదే పోతుంది' అన్న సలహా పెద్దలు ప్రేమతో చెప్పినా అది తప్పుడు సలహా.

మన తెలుగు ప్రాంతాలకు ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఒకటి ఉన్నది. చిన్న వయస్సులోనే గర్భసంచి తీయించుకొనే స్త్రీలు మన వద్ద ఎక్కువ. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే, ముప్పై అయిదేళ్ళ స్త్రీకి కూడా ఆ మరునాటి నుండే ముట్లుడిగిన దశ మొదలగును. అండాశయాలు ఉంచినా, అవి కొంత ముందుగా ఉడిగిపోవచ్చును. కనుక ఆపరేషన్ చేయించుకొన్న సోదరీమణులు తమ కాగితాలలో అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది చూచుకొనవలెను. 'నాకింకా వయస్సు రాలేదు' అని భ్రమపడరాదు.

మన చేతిలో ఉన్న జాగ్రత్తలు

కడుగుకొనడానికి మంచినీరు చాలును. అదీ బయటి భాగం మాత్రమే. యోని లోపల సబ్బుగాని, క్రిమిసంహారక ద్రావణంగాని, సువాసన గల ద్రవాలుగాని పోయరాదు. పౌడరు చల్లరాదు. నూలు లోదుస్తులు ధరించి, తడి అయినప్పుడు మార్చుకొనవలెను. మూత్రం చుక్కలుగా పడుతుందని రోజంతా ప్యాడ్ పెట్టుకొనేవారు దానిని తరచుగా మార్చవలెను. దాని ఒరిపిడి, తేమ కూడా చర్మాన్ని దెబ్బతీస్తవి. బయటి చర్మం మండుతున్నప్పుడు సువాసన లేని తెల్లని పెట్రోలియం జెల్లీ పలుచగా రాస్తే మూత్రం తగిలినప్పటి మంట తగ్గును.

పొడితనానికి హార్మోను లేని జెల్‌లు మందుల షాపులలో లభిస్తవి. ఇవి రెండు రకాలు. దాంపత్య సమయంలో మాత్రమే జారుడు కోసం వాడేవి ఒక రకం. వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పక వాడి తేమను నిలిపేవి రెండవ రకం. బాధ స్వల్పంగా ఉన్నవారికి ఇవే సరిపోవచ్చును.

ఇక మందుల షాపు గొట్టాల సంగతి. 'దురదకు' అని అడిగితే ఇచ్చే క్రీములలో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది నాలుగు రోజులు దురదను అణచివేస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మాన్ని మరింత పలుచబరుస్తుంది. ముందే పలుచబడిన చర్మానికి అది ఎంత హానియో చెప్పనక్కరలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చినది. అయినప్పటికీ చీటీ అడుగని షాపులు మనకు తెలుసును. పరీక్ష లేకుండా ఫంగస్ మాత్రలు మరల మరల మ్రింగుట కూడా నిష్ప్రయోజనం. ముట్లుడిగిన తరువాత, షుగరు వ్యాధి లేని స్త్రీలలో, ప్రతి దురదా ఫంగస్ కాదు.

డాక్టరు ఇచ్చే చికిత్స

జాగ్రత్తలతో తగ్గనప్పుడు వైద్యులు సాధారణంగా ఇచ్చేది యోనిలో వాడే స్వల్ప మోతాదు ఈస్ట్రోజెన్. ఇది క్రీముగాను, చిన్న బిళ్ళగాను లభిస్తుంది. మన దేశంలో ఈస్ట్రియాల్ క్రీము వాడుకలో ఉన్నది. సాధారణంగా మొదటి రెండు వారాలు ప్రతి రాత్రి, ఆ తరువాత వారానికి రెండుసార్లు వాడమంటారు. మోతాదు డాక్టరు నిర్ణయించవలసినదే. కొన్ని వారాలలో గుణం కనిపిస్తుంది. పూర్తి ఫలితానికి మూడు నెలల వరకు పట్టవచ్చును. మంట తగ్గినదని మానివేస్తే మరల వచ్చును, ఎందుకంటే హార్మోను లేమి అలాగే ఉన్నది. బి.పి. మాత్ర వలె దీనిని కూడా కొనసాగించవలెను. ఒక గొట్టం అయిపోగానే 'మందు పనిచేయలేదు' అని నిరాశపడరాదు.

మూత్రపు ఇన్ఫెక్షన్ల మీద కూడా ఇది పనిచేయును. 1993లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరీక్షలో, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 93 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రియాల్ క్రీము, తక్కినవారికి మందులేని క్రీము ఇచ్చి చూచారు. మందులేని క్రీము వాడినవారికి సంవత్సరానికి సగటున దాదాపు ఆరుసార్లు ఇన్ఫెక్షన్ రాగా, ఈస్ట్రియాల్ వాడినవారికి రెండేళ్ళకు ఒకసారి చొప్పున మాత్రమే వచ్చినది. మన గేటు సోదరి సిక్ మెమోలను తలచుకొనండి. ఆ మెమోలలో ఎన్ని తప్పించదగినవో!

హార్మోను అనగానే క్యాన్సరు వచ్చునన్న భయం ఉన్నది. ఆ భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలో నిలిపివేసిన ఒక పెద్ద పరిశోధన. అందులో స్త్రీలు నోటి ద్వారా రెండు హార్మోనులు కలిసిన మాత్రలు తీసుకొన్నారు. యోనిలో వాడే స్వల్ప మోతాదు మందు రక్తంలోకి చేరేది బహు కొద్ది. రెండూ ఒకటి కావు. అయినా చాలాకాలం అదే హెచ్చరిక దీని డబ్బాలోని కాగితం మీద కూడా ముద్రించారు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ హెచ్చరికలను తొలగించే ప్రక్రియ ప్రారంభించినట్లు ప్రకటించినది. అయితే రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవారు, పొందుతున్నవారు తమ క్యాన్సరు డాక్టరును అడిగి గాని దీనిని వాడరాదు.

మరొక హెచ్చరిక. లేజర్ చికిత్సతో యోనికి యౌవనం తెస్తామని కొన్ని చోట్ల వేల రూపాయలు అడుగుతున్నారు. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అట్టి ప్రచారాలపై హెచ్చరిక జారీచేసినది. 2021లో ప్రచురితమైన ఒక పరీక్షలో అసలు లేజర్‌కు, ఉత్తుత్తి లేజర్‌కు ఫలితంలో చెప్పుకొనదగిన తేడా కనిపించలేదు. మీ పి.ఎఫ్. సొమ్మును అటువంటి వాటికి ధారపోయవద్దు.

తప్పక పరీక్ష చేయించుకొనవలసిన లక్షణాలు

ప్రతి మంటా ఇదే అని కూడా అనుకొనరాదు. ముట్లు ఆగి సంవత్సరం దాటిన తరువాత ఏ కొంచెం రక్తం కనిపించినా, ఒక్కసారే అయినా, డాక్టరుకు చూపవలెను. అది చాలాసార్లు ప్రమాదకరం కాకపోవచ్చును. కాని గర్భసంచి క్యాన్సరు మొదటి గుర్తు కూడా అదే కావచ్చును.

యోని బయటి చర్మం తెల్లని మచ్చలుగా, ముడతలు పడిన కాగితం వలె మారి, రాత్రులు విపరీతమైన దురద ఉంటే, అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చును. దానికి ఈస్ట్రోజెన్ క్రీము చాలదు. బలమైన స్టెరాయిడ్ పూతమందును డాక్టరు పర్యవేక్షణలో, నిర్ణీత పద్ధతిలో వాడవలెను. ఇంతకుముందు స్టెరాయిడ్‌ను విమర్శించాము, ఇప్పుడు వాడమంటున్నాము. తేడా పరీక్షలో ఉన్నది. ఏ జబ్బో తెలిసి వాడితే అది మందు, తెలియక వాడితే హాని. ఈ వ్యాధిని నిర్లక్ష్యం చేస్తే కొద్దిమందిలో క్యాన్సరుగా మారే అవకాశం ఉన్నందున, చికిత్సానంతరం కూడా అప్పుడప్పుడు చూపించుకొనుచుండవలెను.

గడ్డ, మానని పుండు, దుర్వాసనతో కూడిన స్రావం, జ్వరంతో మూత్రంలో మంట ఉన్నా ఆలస్యం చేయరాదు. మాటిమాటికీ ఫంగస్ వచ్చేవారు షుగరు పరీక్ష చేయించుకొనవలెను. షుగరుకు వాడే కొన్ని మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతవి. వాటివల్ల కూడా ఫంగస్ రావచ్చును. మాత్ర మానివేయక, ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను.

డాక్టరు వద్ద మాట రాకపోతే ఒక చీటీ మీద ఇలా వ్రాసుకొని వెళ్ళండి: ముట్లు ఎప్పుడు ఆగినవి, బాధ ఎప్పటినుండి, ఏయే మందులు వాడారు, రక్తం కనిపించినదా. వాడిన గొట్టాలు సంచిలో వేసుకొని వెళ్ళండి. 'పరీక్షించి చెప్పండి' అని అడిగే హక్కు మీకున్నది.

పనిచేసే చోటు

మందు ఒక్కటే చాలదు. నీరు త్రాగక, మూత్రం ఆపుకొని పన్నెండు గంటలు కూర్చొనే స్త్రీకి ఏ క్రీమూ పూర్తి సుఖం ఇవ్వలేదు. పట్టాల వెంట కిలోమీటర్లు నడిచే ట్రాక్ మెయింటెయినరు సోదరికి చెట్టు చాటే మరుగుదొడ్డి. గేటు సోదరికి పొరుగు ఇంటివారి దయ. సంచి భుజాన వేసుకొని వీధులు తిరిగే పోస్టువుమన్‌కు తిరిగి ఆఫీసుకు చేరేదాకా మార్గం లేదు. ఒంటి గదిలో నడిచే బ్రాంచి పోస్టాఫీసులో నీటి కుళాయియే ఉండదు. రైలింజనులో మరుగుదొడ్డి ఏర్పాటు మన దేశంలో 2016లో ఆరంభమైనది. నేటికీ అది అన్ని ఇంజనులలో లేదు.

ఇక్కడ మేము ఆత్మవిమర్శ చేసుకొనవలసి ఉన్నది. ప్రతి డిమాండ్ల పత్రంలో మరుగుదొడ్ల అంశం మనము వ్రాస్తూనే ఉన్నాము. చర్చలకు కూర్చొన్నప్పుడు, 'ముఖ్యమైనవి ముందు' అంటూ మొదట వదలుకొనేదీ దానినే. బోనసు కోసం రాత్రంతా వాదించిన మేము, మరుగుదొడ్డి దగ్గరకు వచ్చేసరికి 'పరిశీలిస్తాము' అన్న మాటతో తృప్తిపడి లేచి వచ్చాము. చర్చల బల్ల వద్ద కూర్చొన్నవారిలో ఒక్క స్త్రీ ఉన్నా అలా లేచివచ్చేవారము కాము.

కనుక ఈ సదస్సు ముందు ఈ క్రింది తీర్మానాలు ఉంచుతున్నాము.

1. స్త్రీలు పనిచేసే ప్రతి గేటు వద్ద, గ్యాంగు విశ్రాంతి స్థలం వద్ద, తపాలా కార్యాలయంలో నీటి వసతి గల మరుగుదొడ్డి ఉండవలెను. ఈ అంశాన్ని ఏ చర్చలలోనూ వదలుకొనరాదు.

2. రైల్వే హెల్త్ యూనిట్లలో నిర్ణీత దినాలలో స్త్రీల వైద్యురాలు అందుబాటులో ఉండవలెను. యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీము ఆసుపత్రి మందుల నిలువలో ఎల్లప్పుడూ ఉండవలెను.

3. నలభై అయిదేళ్ళు దాటిన ఉద్యోగినుల వైద్య పరీక్షలలో ఈ లక్షణాలను గురించి డాక్టరే ముందుగా అడుగవలెను.

4. సి.జి.హెచ్.ఎస్. వర్తించని గ్రామీణ డాక్ సేవక సోదరీమణులకు వైద్య సదుపాయం కల్పించవలెను.

5. ఆరోగ్య కారణాలపై డ్యూటీ మార్పు కోరే ఉద్యోగిని తన కారణాన్ని మహిళా అధికారికిగాని, డాక్టరుకుగాని మాత్రమే రహస్యంగా తెలిపే ఏర్పాటు ఉండవలెను. పదిమంది ఎదుట కారణం అడుగుట మా ఆఫీసులతో సహా అన్నిచోట్ల నేటి నుండి ఆగిపోవలెను.

6. ప్రతి బ్రాంచిలోనూ ఇద్దరు మహిళా సభ్యులను ఎన్నుకొని, తోడుగా ఆసుపత్రికి వెళ్ళే బాధ్యత వారికి అప్పగించవలెను. తోడు వెళ్ళిన దినానికి వారికి సెలవు నష్టం కలుగకుండా బ్రాంచి చూడవలెను.

యాజమాన్యం అంగీకరించవలసినవి వీటిలో నాలుగున్నర. అయిదవ దానిలో సగం, ఆరవది పూర్తిగా మన చేతిలోనే ఉన్నవి. వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ సభ ముగియగానే ప్రారంభించవచ్చును.

సోదరులకు ఒక మాట

వెనుక వరుసలో కూర్చొని విన్న సోదరులకు కృతజ్ఞతలు. మీరు ఇంటికి వెళ్ళి చేయవలసినది పెద్ద పని కాదు. మీ భార్య దగ్గరకు రావడం లేదంటే అది మనసు లేక కాదు, నొప్పి వల్ల కావచ్చునని ఆలోచించండి. అనుమానించవద్దు, అలగవద్దు. మీ మెడికల్ కార్డు మీద మీ భార్యకూ వైద్యం పొందే హక్కు ఉన్నది. రిటైరైన సోదరులారా, పింఛనుదారుల వైద్య పథకంలో చేరిన మీ ఇంటి స్త్రీలకూ ఆ హక్కు ఉన్నది. డెబ్బైయవ ఏట కూడా ఈ చికిత్స పనిచేయును. 'ఈ వయస్సులో ఇప్పుడెందుకు' అనవద్దు. మంటకు వయస్సుతో పని లేదు.

ఆఫీసులో సోదరి ఒక్కతె మాటిమాటికీ సీటు నుండి లేస్తుంటే గడియారం చూడవద్దు. వ్యాఖ్యానించవద్దు. ఆమె చోట మరి పది నిమిషాలు కౌంటరు చూచుకొనండి. ఐకమత్యం అనే మాటకు కౌంటరు వద్ద అర్థం అదే.

సోదరీమణులారా! 1974 మే నెలలో ఇరవై రోజుల రైల్వే సమ్మె జరిగినప్పుడు కాలనీలలో పొయ్యి వెలుగకపోయినా ధైర్యం వదలని మన తల్లులు, అత్తలు నేడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వృద్ధులు. వారిలో ఎందరు ఈ బాధను ఎవరికీ చెప్పక మోశారో మనకు తెలియదు, ఎందుకంటే మనము అడుగలేదు. ఓర్పు గొప్ప గుణమే. అది సమ్మెలో అవసరం. కాని మందు ఉన్న జబ్బుకు ఓర్పు మందు కాదు.

మీ బ్రాంచికి వెళ్ళిన తరువాత మొదటి సమావేశంలో ఈ పాఠం చదివి వినిపించండి. తరువాత సోదరులను కాసేపు బయటికి పంపి, మాట్లాడుకొనడానికి సోదరీమణులకు అరగంట ఇవ్వండి. ఎవరూ నోరు విప్పకపోవచ్చును. మరుసటి నెలలో మరల అరగంట ఇవ్వండి. గేటు సోదరి అడిగిన ప్రశ్న మరొక సోదరి అడుగవలసిన అవసరం రాకుండా, ఇకనైనా మనమే ముందుగా అడుగుదాము.